నడకను అలలుగా విడదీస్తే

పాము నడకను కాగితం మీద పెట్టమంటే ఎలా పెడతాం? బొమ్మ గీయడం తేలికే, నాలుగు మెలికలు తిప్పితే పాము అయిపోతుంది. అంకెల్లో రాయమంటేనే చిక్కొస్తుంది. హైదరాబాద్‌లో గోపన్‌పల్లి బండల మధ్య, కొత్త అపార్ట్‌మెంట్ల ప్రహరీల పక్కన జెర్రిపోతులు ఇంకా కనిపిస్తూనే ఉంటాయి. అలాంటిదొకటి రోడ్డు దాటుతుంటే ఫోన్‌లో వీడియో తీశామనుకుందాం. తల నుంచి తోక దాకా 100 చోట్ల గుర్తులు పెట్టి, ఒక్కో గుర్తు దగ్గర వెన్ను ఎటు తిరిగి ఉందో కొలిస్తే ఒక్క ఫ్రేముకే 100 కోణాలు వస్తాయి. సెకనుకు 30 ఫ్రేములు. పాము 10 సెకన్లలో అవతలి తుప్పల్లోకి పోతే మన చేతిలో మిగిలేవి 30,000 అంకెలు. అన్నీ నిజమైన కొలతలే గానీ, వాటిని ఎంతసేపు చూసినా పాము మాత్రం కనపడదు.

ఆ 30,000 అంకెలను గుప్పెడుకు తెచ్చే లెక్క జంతుశాస్త్రంలో పుట్టలేదు. మోగే వస్తువుల అధ్యయనంలో పుట్టింది.

విశాఖపట్నంలో బాల్యం గడిపిన సి.వి.రామన్, కాంతి మీదికి మళ్లకముందు చాలాకాలం వాద్యాలతోనే గడిపాడు. మామూలు డప్పు మీద దెబ్బ వేస్తే వచ్చే మోతకు శ్రుతి ఉండదు, మృదంగానికీ తబలాకూ ఉంటుంది. ఎందుకని? శివకాళీ కుమార్‌తో కలిసి 1920లో నేచర్ పత్రికలో, తరవాత 1934లో మరింత వివరంగా ఆయన దీనికి జవాబిచ్చాడు. బిగించిన చర్మం తన ఇష్టమొచ్చినట్టు ఊగదు. దానికి కొన్ని సొంత రీతులుంటాయి. ఒక రీతిలో చర్మమంతా ఒక్కటిగా పైకీ కిందికీ ఆడుతుంది. ఇంకో రీతిలో ఒక సగం లేస్తే మరో సగం దిగుతుంది, మధ్య గీత కదలదు. చర్మం మీద సన్నటి ఇసుక చల్లి వాయిస్తే ఆ ఇసుక కదలని గీతల మీదికి చేరి, ఏ రీతి మోగుతోందో బొమ్మ గీసి చూపిస్తుంది. మధ్యలో వేసే నల్లటి పూత వల్ల మొదటి తొమ్మిది రీతులూ అయిదు గుంపులుగా సర్దుకుని, వాటి పౌనఃపున్యాలు 1, 2, 3, 4, 5 నిష్పత్తిలో పడతాయి. మృదంగం శ్రుతి రహస్యం అదే.

మనకిక్కడ కావలసింది శ్రుతి సంగతి కాదు, దాని వెనక ఉన్న లెక్క. విద్వాంసుడు ఎక్కడ ఎలా కొట్టినా, ఆ చర్మం కదలిక ఆ రీతుల కలగలుపే. ఏ రీతి ఎంత పాలు, ఏ క్షణాన ఏ దశలో ఉందో చెబితే చర్మం మీద ప్రతి చోటునూ విడిగా కొలవాల్సిన పనిలేదు. ఏ ఆకారాన్నైనా అలల మొత్తంగా రాయవచ్చని ఫ్రాన్స్‌లో జోసెఫ్ ఫూరియే 1807లో ప్రతిపాదించాడు. ఆయన చూస్తున్నది లోహంలో వేడి పాకడాన్ని. పెద్ద గణితవేత్తలే ఒప్పుకోలేదు, పుస్తకంగా రావడానికి 1822 దాకా పట్టింది. ఇప్పుడు మన ఫోన్‌లో పాట, ఆసుపత్రిలో ఎమ్మారై స్కాన్ రెండూ ఆ లెక్క మీదే నడుస్తున్నాయి.

జంతువు మృదంగం కాదుగదా అన్న అనుమానం న్యాయమైనదే. మృదంగం రీతులను చర్మం బిగువు, బరువు తేలుస్తాయి, లెక్క కట్టి ముందే చెప్పొచ్చు. బతికున్న జీవికి నరాలున్నాయి, కండరాలున్నాయి, ఆకలుంది, భయముంది. దాని రీతులు ఏ సూత్రం నుంచీ రాలిపడవు. అందుకని ఎదురు దారిన వెళ్లాలి. ముందు జీవి కదలికను బోలెడంత కొలిచి, ఆ కొలతల్లోంచే రీతులను బయటికి తీయాలి.

ఈ పని శుభ్రంగా జరిగింది పాము మీద కాదు, ఒక మిల్లీమీటరు పొడవుండే పురుగు మీద. పేరు సీనోరాబ్డైటిస్ ఎలిగాన్స్. కుళ్లిన పళ్లలో, మట్టిలో బ్యాక్టీరియా తిని బతుకుతుంది. ఒళ్లు గాజులా పారదర్శకంగా ఉంటుంది. ద్విలింగ పురుగు శరీరంలో నాడీకణాలు సరిగ్గా 302. ఆ లెక్క పురుగు పురుగుకూ మారదు. అగార్ పలక మీద వదిలితే ఒక పక్కకు ఒరిగి పడుకుని, వీపు వైపూ పొట్ట వైపూ వంగుతూ పాకుతుంది. పై నుంచి కెమెరా చూస్తుంటుంది. పురుగు అంచు దాకా పోకుండా కంప్యూటరు పలకనే జరుపుతూ ఉంటుంది.

ప్రిన్స్‌టన్‌లో గ్రెగ్ స్టీఫెన్స్, బెథనీ జాన్సన్-కెర్నర్, విలియం బియాలెక్, విలియం ర్యూ 2008లో ప్రచురించిన పరిశోధనలో చేసింది అచ్చంగా మన జెర్రిపోతు లెక్కే. పురుగు వెన్ను పొడవునా 100 కోణాలు తీసుకున్నారు. ఏ కోణం మారినప్పుడు ఏ కోణం దానితోపాటు మారుతోందో వేల ఫ్రేముల మీద లెక్కగట్టారు. తేలిందేమిటంటే, పురుగు వేసే వంకరల్లో 95 శాతాన్ని నాలుగే నాలుగు మూల ఆకారాల కలగలుపుతో రాసేయవచ్చు. వంద అంకెలు నాలుగయ్యాయి.

ఆ నాలుగింటిలో మొదటి రెండింటి కథ ఆసక్తికరం. రెండూ అలలాంటి ఆకారాలే, ఒకే తరంగదైర్ఘ్యం. తేడా అల్లా ఒకటి రెండోదానికంటే పావు అల ముందుకు జరిగి ఉండడమే. గ్రాఫు కాగితం మీద అడ్డంగా మొదటి రీతి పాలు, నిలువుగా రెండోదాని పాలు వేస్తూ పోతే, పురుగు పాకుతున్నంతసేపూ చుక్క గుండ్రంగా తిరుగుతుంది. పురుగు వెనక్కి పాకితే చుక్క ఎదురు దిశలో తిరుగుతుంది. ఆగితే చుక్కా ఆగుతుంది. చుక్క ఎంత వేగంగా తిరిగితే పురుగు అంత వేగంగా పోతుంది. మూడో రీతి శరీరాన్నంతా ఒకే వైపు విల్లులా వంచుతుంది, పురుగు దారి మళ్లేటప్పుడు పెరిగేది ఇదే. నాలుగోది తలా తోకా కొసల సర్దుబాటు.

రెండు రీతులు ఎందుకు, ఒకటి చాలదా? చాలదు. ఒక్క రీతే ఉంటే శరీరం అటు వంగి ఇటు వంగుతుంది, మృదంగం చర్మంలా. భౌతికశాస్త్రంలో దాన్ని స్థిర తరంగం అంటారు. ముందుకు పోవడానికి అల తల నుంచి తోకకు పరుగెత్తాలి. పావు అల తేడా ఉన్న రెండు స్థిర తరంగాలను, పావు వంతు కాలం తేడాతో కలిపితే పరుగెత్తే అల వస్తుంది. ఎడ్వర్డ్ పర్సెల్ 1977లో దీన్ని ఆల్చిప్ప పేరుతో చెప్పాడు. జిగట ఏలే లోకంలో ఆల్చిప్ప నోరు తెరిచి మూస్తే ఎక్కడిదక్కడే ఉంటుంది, తెరిచినప్పుడు పోయినంత దూరం మూసినప్పుడు వెనక్కొస్తుంది. నెమ్మదిగా తెరిచి గబుక్కున మూసినా ఫలితం అదే. మనం ఈదేటప్పుడు చేతులు ఆపినా కాస్త దూరం జారతాం, అది జడత్వం చలవ. బ్యాక్టీరియా తోక ఆపితే అది జారే దూరం ఒక పరమాణువు అడ్డుకొలత కంటే తక్కువని పర్సెల్ లెక్కవేసి చూపించాడు. అంత చిన్న లోకంలో బతకాలంటే శరీరంలో కనీసం రెండు రీతులు ఉండాలి, అవి ఒకదాని వెనక ఒకటి తిరగాలి.

పాముకు ఆ ఇబ్బంది జిగట వల్ల రాదు, నేల రాపిడి వల్ల వస్తుంది. డేవిడ్ హు బృందం 2009లో కొలిచి చెప్పినదాని ప్రకారం పాము పొట్ట పొలుసులు ముందుకు తక్కువగా, పక్కకు ఎక్కువగా రాపిడి ఇస్తాయి. ఆ తేడా ఉంది కాబట్టే ఒంట్లో పరుగెత్తే అల పామును ముందుకు తోస్తుంది. నున్నటి పాలిష్ బండల మీద పాము కొట్టుకులాడుతూ చోటు కదలలేకపోవడం చూసినవాళ్లకు ఇది వేరే చెప్పనక్కర్లేదు.

2023లో అమెరికాలోని ఎంఐటీ నుంచి అలెగ్జాండర్ కోహెన్, యోర్న్ డుంకెల్, వారి సహచరులు ఇంకో అడుగు ముందుకు వేశారు. పురుగులు, జెర్రులు, పాములు, పాములా పాకే రోబోలు, అన్నింటి వీడియోలనూ రీతుల్లోకి మార్చి, ఆ రీతులు కాలంతో ఎలా మారుతున్నాయో సమీకరణం కట్టారు. వచ్చిన సమీకరణం రూపం క్వాంటం శాస్త్రంలో ష్రోడింగర్ రాసినదే! పురుగులో క్వాంటం మాయలేవో ఉన్నాయని అనుకుంటే పొరపాటు. వంగినా మెలి తిరిగినా శరీరం పొడవు మారదు. ఆ ఒక్క నియమం వల్ల రీతుల పాళ్ల వర్గాలను తగిన తూకాలతో కలిపితే వచ్చే మొత్తం స్థిరంగా ఉండిపోతుంది. ఒకటి తగ్గితే మరొకటి పెరగాలి. క్వాంటం శాస్త్రంలో సంభావ్యతల మొత్తం ఎప్పుడూ 1 కావాలన్న నియమానిదీ అదే గణితం. కాబట్టి అక్కడ తొంభై ఏళ్లకు పైగా సానబట్టిన పనిముట్లన్నీ జెర్రి నడకకూ పనికొచ్చాయి. రెండు జీవుల నడకలు ఎంత దగ్గరో, ఎంత దూరమో ఒక అంకెతో చెప్పడం వీలైంది.

95 శాతం అనగానే మురిసిపోవడం మాత్రం నాకు నచ్చదు. మిగిలిన 5 శాతంలో పురుగు ముక్కు కొసను ఆడించి వాసన పట్టే చిన్న కదలికలు ఉండొచ్చు. పురుగు దృష్టిలో అసలు పని అదే కావచ్చు. రీతుల లెక్క పెద్ద కదలికకు పెద్దపీట వేస్తుంది, జీవితం ఎప్పుడూ అలా నడవదు.

ఇక గోపన్‌పల్లి. హైదరాబాద్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన స్థలంలో టాటా మౌలిక పరిశోధన సంస్థ హైదరాబాద్ ప్రాంగణానికి 2010లో శంకుస్థాపన జరిగింది. కొన్నేళ్లు నార్సింగిలో నడిచి, 2017లో సొంత చోటుకు మారింది. చుట్టూ ఐటీ కంపెనీల అద్దాల గోడలున్న చోట ఈ ప్రాంగణంలో ఏం చేస్తారని ఆటోవాళ్లు అడుగుతుంటారు. చాలా చేస్తారు. మన కథకు సంబంధించినంతవరకు వాళ్లు ఒక జీవి ఒంట్లో అలలను వదిలి, మందలో పుట్టే అలలను పట్టుకున్నారు.

నార్సింగి రోజుల్లో ఆ కేంద్రానికి శ్రీరామ్ రామస్వామి డైరెక్టరు. బెంగళూరు ఐఐఎస్సీలో అజయ్ సూద్, నితిన్ కుమార్ ఒక ప్రయోగం చేస్తుంటే, రామస్వామి, హర్ష్ సోనీ దాని సిద్ధాంతం, కంప్యూటరు నమూనా పట్టుకున్నారు. ప్రయోగం చెబితే ఆటలా ఉంటుంది. నాలుగున్నర మిల్లీమీటర్ల ఇత్తడి పుల్లలు, ఒక కొస లావు, ఇంకో కొస సన్నం. వాటి చుట్టూ చిన్న పూసలు. కింద పలక సెకనుకు 200 సార్లు నిలువుగా వణుకుతుంటుంది. పలకకు ఎటూ వాలు లేదు, అయినా రెండు కొసలూ ఒక్కలా లేనందువల్ల పుల్ల ఒక కొసవైపుగా పాకుతుంది. చేటలో బియ్యం చెరిగేటప్పుడు రాళ్లూ నూకలూ తలో దారి పట్టడం చూసినవాళ్లు దీన్ని వెంటనే నమ్ముతారు.

పూసలు పలచగా ఉన్నంతసేపు పుల్లలు తోచిన దారిన పోతుంటాయి. పూసలు ఒక హద్దు దాటి చిక్కబడగానే పుల్లలన్నీ ఒకే దిశకు తిరిగి గిరగిరా ప్రదక్షిణం మొదలెడతాయి. ఒక పుల్ల ముందుకు పోతూ పూసలను ఈడుస్తుంది, ఆ పూసల ప్రవాహం దూరంగా ఉన్న ఇంకో పుల్లను తన వైపు తిప్పుతుంది. ఒకదాన్నొకటి తాకనక్కర్లేదు. పుల్లలకు కళ్లు లేవు, మెదడు లేదు, ముందు నడిచే నాయకుడూ లేడు. 2014లో నేచర్ కమ్యూనికేషన్స్‌లో ఈ ఫలితం వచ్చింది. మంద కట్టడానికి బుర్ర తప్పనిసరి కాదని దీని సారం. మందలో గొర్రెలు బుద్ధిలేనివని దీన్నుంచి తీర్పు చెప్పేవాళ్లున్నారు గానీ అది ఈ ప్రయోగం చెప్పినది కాదు.

మందను రీతులుగా విడదీయడం ఎలా? చేపల గుంపు మొత్తం తూర్పుకు తిరిగి ఈదుతోందనుకోండి. ఎక్కడో కొన్ని చేపలు రెండు మూడు డిగ్రీలు ఉత్తరానికి ఒరిగాయి. ఆ ఒరుగును ఫూరియే పద్ధతిలో రకరకాల తరంగదైర్ఘ్యాల అలలుగా విడగొట్టాలి. అప్పుడు ఒక్కో అలను విడివిడిగా అడగాలి: నువ్వు చచ్చిపోతావా, పెరుగుతావా? అన్నీ చచ్చిపోతే గుంపు నిలుస్తుంది. ఒక్కటి పెరిగినా గుంపు చెదురుతుంది. కొన్ని అలలు చావకుండా, పెరగకుండా మందలో ప్రయాణిస్తాయి కూడా. నికొలస్ బేన్, డెనిస్ బార్టోలో 2019లో షికాగో మారథాన్ మొదలయ్యే చోట గుమిగూడిన జనం మీద ఇదే లెక్క వేశారు. ముందువాళ్లు ఆగి కదలడం అనే సమాచారం గుంపు చివరిదాకా అలగా వెనక్కి పాకింది, ఎవరైనా పక్కకు తిరిగిన సమాచారం మాత్రం అక్కడికక్కడే ఆరిపోయింది. గచ్చిబౌలి ఫ్లైఓవరు కింద సాయంత్రం ఏడింటికి నిలబడితే మొదటి రకం అల మనకూ తగులుతుంది.

నీళ్లలో ఈదే గుంపుల విషయంలో ఈ లెక్క 2002లోనే ఒక చేదు జవాబిచ్చింది. ఇచ్చింది ఆర్. అదితి సింహ, శ్రీరామ్ రామస్వామి. బ్యాక్టీరియాలాంటి ఈతగాడు తోకతో నీటిని వెనక్కి, ఒంటితో ముందుకు, రెండు వైపులా తోస్తాడు. పక్కల నుంచి నీరు లోపలికి వస్తుంది. వేలాది మంది ఒకే వైపు తిరిగి ఉన్నప్పుడు ఎక్కడైనా చిన్న వంపు వస్తే, ఈ తోపుల వల్ల పుట్టే ప్రవాహం ఆ వంపును సరిచేయకపోగా ఇంకా వంచుతుంది. జడత్వం లెక్కలోకి రాని జిగట నీటిలో బారు తీరిన ఈతగాళ్ల వరస నిలవదు. సూక్ష్మదర్శిని కింద చిక్కటి బ్యాక్టీరియా చుక్కను చూస్తే కనపడేది కూడా వరస కాదు, సుడులే.

మరి చేపలు? అవి బారులు తీరి ఈదుతూనే ఉన్నాయి కదా. బ్యాక్టీరియాకూ చేపకూ మధ్య ఎక్కడో గీత ఉండాలి. ఆ గీత ఎక్కడో 2021లో ఫిజికల్ రివ్యూ ఎక్స్ పత్రికలో అయిదుగురు చెప్పారు. పాత ఇద్దరూ ఉన్నారు, రాయన్ చటర్జీ ఉన్నాడు, మిగతా ఇద్దరు గోపన్‌పల్లివాళ్లు, ప్రసాద్ పెర్లేకర్, ఆయన దగ్గర పరిశోధన చేసిన నవదీప్ రాణా. పెర్లేకర్ అసలు విషయం ప్రవాహాల్లోని అల్లకల్లోలం. కాబట్టి అలల లెక్క ఎక్కడ చేతులెత్తేస్తుందో అక్కడి నుంచి కంప్యూటరులో కొనసాగించడం ఆయనకు అలవాటైన పనే.

వాళ్లకు దొరికిన తాళంచెవి ఒకే ఒక అంకె. దానికి వాళ్లు ఆర్ అని పేరు పెట్టుకున్నారు. ద్రవం సాంద్రతను ఈత వేగం వర్గంతో గుణించి, ఈతగాళ్ల తోపుల వల్ల పుట్టే ప్రతిబలానికి రెట్టింపుతో భాగిస్తే అది వస్తుంది. పైన ఉన్నది జడత్వం, కింద ఉన్నది చెదరగొట్టే బలం. ఆర్ బాగా చిన్నదైతే 2002 నాటి తీర్పే ఖాయం. వరసకు అన్నిటికంటే ప్రమాదం మెలి తిరిగే అల నుంచి వస్తుంది, పొర పొరకూ ఈత దిశ కొద్ది కొద్దిగా తిరుగుతూ పోతుంది. చివరికి కంప్యూటరులో మిగిలేది దిశ అంటూ లేని కల్లోలం. దాంట్లో అక్కడక్కడా చుట్టూ ఉన్న బాణాలన్నీ బయటికే చూపించే బిందువులు తేలుతుంటాయి. ఆర్ సుమారు 1 దాటితే సంగతి మారుతుంది. అలలు అప్పుడూ పెరుగుతాయి గానీ నెమ్మదిగా. గుంపు కంగాళీగా ఉన్నా సగటున ఒకే వైపు పోతుంది. ఆర్ ఇంకా బాగా పెరిగితే అలలన్నీ ఆరిపోయి వరస గట్టిగా నిలబడుతుంది.

ఆ నెమ్మది అన్న మాట దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే అసలు విశేషం అందులోనే ఉంది. ఆర్ చిన్నదైనప్పుడు అల పెరిగే వేగం తరంగదైర్ఘ్యానికి విలోమానుపాతంలో ఉంటుంది. 10 సెంటీమీటర్ల అలతో పోలిస్తే మీటరు పొడవు అల పదో వంతు వేగంతో పెరుగుతుంది. ఆర్ 1 దాటాక విలోమం తరంగదైర్ఘ్యం వర్గానికి. అదే మీటరు అల ఇప్పుడు నూరో వంతు వేగంతోనే పెరుగుతుంది. గుంపును మొత్తంగా దారి తప్పించగలిగేవి పొడవాటి అలలే, వాటికే ఇక్కడ పగ్గం పడింది.

బ్యాక్టీరియా సెకనుకు మిల్లీమీటరులో కొన్ని వందోవంతులు మాత్రమే ఈదుతుంది. వేగం వర్గం చేస్తే ఆర్ 1 దరిదాపులకు కూడా రాదు. వేగం 100 రెట్లయితే జడత్వం వాటా 10,000 రెట్లవుతుంది. అందుకే గీత మిల్లీమీటర్ల ప్రపంచంలో ఎక్కడో పడాలి, బ్యాక్టీరియాకు బాగా పైన, చెరువులో తిరిగే పెద్ద చేపకు కింద. ఆ పరిమాణంలో ఈదే ప్రాణులతో ఈ జోస్యాన్ని పరీక్షించవచ్చని వాళ్లు రాశారు. పరీక్ష ఎలా ఉంటుందో ఊహించడం కష్టం కాదు. గాజు తొట్టిలో గుంపును ఒకే దిశకు తిప్పి, పై నుంచి వీడియో తీసి, ప్రతి ఫ్రేములో ఒరుగులను అలలుగా విడగొట్టాలి. ఒక్కో అల ఎంత వేగంగా పెరుగుతోందో లాగ్ కాగితం మీద, తరంగదైర్ఘ్యం విలోమానికి ఎదురుగా వేయాలి. చుక్కలను కలిపే గీత వాలు 1 వస్తే ఆ ప్రాణులు హద్దుకు బ్యాక్టీరియా వైపు ఉన్నట్టు, 2 వస్తే చేప వైపు ఉన్నట్టు.